పాత ఫొటో తీసిన చోటే మళ్లీ తీస్తే ఎందుకు కుదరట్లేదు?

మెట్లమీద:
మా నాన్న పాతికేళ్ల వయసులో ఒక భవనం మెట్ల మీద నిలబడి తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటి మా దగ్గరుంది. భవనం ఇంకా ఉంది, మెట్లూ అవే, నాన్నా ఉన్నారు. వచ్చే నెల ఆయన్ని అక్కడే నిలబెట్టి అచ్చం అలాంటి ఫొటోనే తీద్దామని నా ప్లాన్. మొన్న ఊరికే చూసొద్దామని వెళ్లి ఫోన్‌తో తీస్తే, మెట్ల సైజు పాత ఫొటోకి సరిపోయినప్పుడు వెనకున్న తలుపు మరీ చిన్నగా వస్తోంది, తలుపు సరిపోయేలా జూమ్ చేస్తే మెట్లు ఫ్రేములో పట్టట్లేదు. అప్పటి కెమెరా లెన్స్ వేరు కాబట్టి ఇక ఇది కుదరదంటారా?

ఇంకోటి కూడా అడిగేస్తా. మా పాపకి మూడేళ్లు. ఏడాదికొక్క ఫొటో, ఒకే తీరులో, పెద్దయ్యేదాకా తీయాలనుంది. ముందే ఏమేం ఖాయం చేసుకోవాలి? "రోజూ తీస్తూనే ఉన్నావుగా, వాటిల్లోంచి ఏరుకో" అంటున్నారు ఇంట్లో.

గాజుపలక:
లెన్స్ గురించి టెన్షన్ పడకండి. దగ్గరి వస్తువుకీ దూరపు వస్తువుకీ మధ్య సైజు తేడా మీరు నిలబడ్డ చోటుని బట్టే ఉంటుంది, లెన్స్ చేసేదల్లా ఎంత మేర పడుతుందో తేల్చడమే. మెట్లు సరిపోయి తలుపు చిన్నగా వస్తోందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. వెనక్కి జరగండి, జరిగాక మెట్లు పాత సైజుకొచ్చేదాకా జూమ్ చేయండి, అప్పుడు తలుపు చూడండి. ఇంకా చిన్నగా ఉంటే ఇంకొంచెం వెనక్కి. ఒట్టి జూమ్‌తోనో ఒట్టి జరగడంతోనో ఎప్పటికీ కుదరదు, రెండూ కలిపి చేయాలి.

పక్కలకి ఎంత జరగాలో తెలియాలంటే, పాత ఫొటోలో ముందున్నదేదో వెనకున్నదాన్ని ఎక్కడ కోస్తోందో చూడండి. ఉదాహరణకి మెట్ల రెయిలింగ్ చివర తలుపు చట్రాన్ని ఎక్కడ దాటుతోంది? అది కుదిరేదాకా అడుగులో సగం, పావు చొప్పున కుడికీ ఎడమకీ జరగండి. ఎత్తు సంగతి ఇంకా బాగుంటుంది. కింది మెట్లకి మనం కాలు పెట్టే పైభాగం కనిపిస్తుంది, పైకి వెళ్లేకొద్దీ అది సన్నబడి ఒక మెట్టు దగ్గర ఒట్టి గీతగా మారిపోతుంది. ఆ మెట్టు ఎంత ఎత్తులో ఉందో అదే అప్పటి కెమెరా ఎత్తు. ఆ రోజుల్లో చాలా కెమెరాలని పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూస్తూ తీసేవాళ్లు కాబట్టి, మీ కంటి ఎత్తులో పెట్టి తీస్తే కుదరకపోవచ్చు.

అమెరికాలో మార్క్ క్లెట్ అనే ఫొటోగ్రాఫర్, ఆయన బృందం 1977 నుంచి ఇదే పని చేశారు, 1860లు, 70ల నాటి సర్వే ఫొటోలు పట్టుకుని ఆ పాత కెమెరా నిలిచిన చోట్లన్నీ వెతికారు. అందులో నాకు భలే నచ్చింది ఒకటుంది. ఉటాలో 1869లో టిమొతీ ఓసల్లివన్ తీసిన రాళ్ల ఫొటో మళ్లీ తీయబోతే తేలిందేంటంటే, ఆయన కెమెరాని పక్కకి వంచి తీశాడు! వాలిపోయినట్టు భయంగొలిపేలా ఉన్న ఆ రాళ్లు అసలు అంత వాలుగా లేవు. మళ్లీ తీస్తే గానీ ఇలాంటివి బయటపడవు.

చలికాలం:
పైన చెప్పింది చేసి, నీడలు వదిలేస్తే పని సగమే అయినట్టు. పాత ఫొటోలో రెయిలింగ్ నీడ ఏ మెట్టు మీద పడిందో చూసుకోండి, ఏ పూట తీశారో దాన్నిబట్టి దొరుకుతుంది. వచ్చే నెల ఎండ అక్కడ పడకపోతే కంగారేం లేదు, సూర్యుడు దాదాపు అదే దారిలో ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఏప్రిల్ 21 నాటి నీడ ఇంచుమించు ఆగస్టు 22న కూడా దొరుకుతుంది. చెట్ల ఆకులు మాత్రం రెండుసార్లూ ఒకలా ఉండవనుకోండి.

హిమానీనదాల మీద పనిచేసేవాళ్లకి ఏ నెలలో తీశారన్న పట్టింపు మరీ ఎక్కువ. అలాస్కాలోని మ్యూర్ గ్లేసియర్‌ని 1941 ఆగస్టులో ఒకరు తీస్తే, 2004లో అదే చోటునుంచి మళ్లీ ఆగస్టులోనే తీశారు. మొదటి దాంట్లో మంచు నిండా పరుచుకుని ఉంటుంది, రెండో దాంట్లో నీళ్లు, కొండల మీద పచ్చదనం. ఆ మధ్యకాలంలో మంచు 12 కిలోమీటర్లకి పైగా వెనక్కి పోయింది. ఒకటి చలికాలంలో, ఒకటి ఎండాకాలంలో తీసుంటే "అది సీజన్ తేడాలే" అని ఎవరైనా కొట్టిపారేసేవాళ్లు.

అంచులువదలొద్దు:
మీరంతా కొలతల్లో పడిపోయారు గానీ, పాత ఫొటోని అంతగా నమ్మొచ్చా అన్నది నా డౌటు. ఫొటోగ్రఫీ మొదలైన రోజుల్లో, 1838లో, ఫ్రాన్స్‌కి చెందిన డగ్యేర్ తీసిన పారిస్ వీధి ఫొటో చూడండి. పట్టపగలు, పెద్ద వీధి, మనిషి జాడ లేదు. నిజానికి బళ్లు, జనం తిరుగుతూనే ఉన్నారు, ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టే రోజులు కాబట్టి కదిలేవేవీ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒక్కచోట నిలబడ్డ ఒకాయన మాత్రం మూలన దొరికాడు. ఇప్పుడెవరైనా దాని పక్కన ఈనాటి ట్రాఫిక్ ఫొటో పెట్టి "ఆ రోజులే వేరు, ఎంత ప్రశాంతం" అంటే ఏం చెప్పాలి?

కలర్ ప్రింట్ల సంగతీ అంతే. ఆల్బమ్‌లో చీకట్లోనే ఉన్నా పాత ప్రింట్లలో చాలావాటికి సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన) రంగు ముందు వెలిసిపోతుంది, అందుకే అన్నీ ఎర్రగా కనిపిస్తాయి. ఆ సాయంత్రాలేం అంత బంగారంగా లేవు.

నేను చెప్పేదల్లా ఒకటే, అంచులు క్రాప్ చేయొద్దు. మనిషి ముఖం చూద్దామని తీస్తాం గానీ, పాతికేళ్లు పోయాక అందరి చూపూ పడేది వెనకున్న గోడ మీద, ప్లగ్గు మీద, పక్కన సగం కనిపించే కుర్చీ మీద. సర్దేసి, వెనక తెల్ల గుడ్డ కట్టి తీస్తే అవన్నీ పోతాయి.

మూడోకన్ను:
పాప సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అన్నిటికన్నా ముందు దూరం ఖాయం చేయండి. ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. అడుగు దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు 30 శాతం దాకా వెడల్పుగా కనిపిస్తుందని 2018లో లెక్కగట్టి చూపించారు, 5 అడుగుల దగ్గర ఆ తేడా దాదాపు ఉండదు. ఒక ఏడాది అడుగు దూరం, ఇంకో ఏడాది ఆరడుగులైతే పాప మారిందో కెమెరా మారిందో తెలియదు.

అందరూ చేసే పని ఇంకోటుంది, ప్రతిసారీ పిల్ల ఫ్రేమ్ నిండేలా తీయడం. అలా తీస్తే ఎదుగుదలే కనిపించదు, మూడేళ్లప్పుడూ పదిహేనేళ్లప్పుడూ ఒకటే సైజు! మొదటి ఏడాదే పైన బోలెడు ఖాళీ వదిలి తీయండి, ఆ ఖాళీని పాపే నింపుకుంటుంది.

మిగతావి పట్టించుకోకండి. నికలస్ నిక్సన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన భార్యనీ ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లనీ 1975 నుంచి 2022 దాకా ఏటా తీశాడు. ఎప్పుడూ అదే వరుస, అదే రకం పెద్ద కెమెరా. చోటు మారింది, బట్టలు మారాయి, ఎవరూ నవ్వాలనేం లేదు. వరుస ఒక్కటి కదలకపోవడం వల్లే మన కళ్లు నేరుగా ముఖాల మీదకి పోతాయి. ఇక ఏరుకోవడం అంటారా, ఏరేటప్పుడు మనం బాగా వచ్చినదాన్నే తీస్తాం, అలకగా ఉన్నవీ నిద్రమొహంతో ఉన్నవీ పోతాయి.

మెట్లమీద:
చాలా థాంక్స్ అండి అందరికీ. గాజుపలక గారూ, పాత ఫొటో పెద్దది చేసి చూస్తే నాలుగో మెట్టే గీతలా ఉంది, అంటే మరీ కిందనుంచి తీశారన్నమాట, నేను కూర్చునే తీయాలేమో. ఒక డౌటు. నాన్న ఇప్పుడు కాస్త వంగారు, పాత ఫొటోలో ఆయన తల తలుపు గడియ దాకా వచ్చేది. ఇప్పుడు కుదరాలంటే పై మెట్టు మీద నిలబెట్టనా?

గాజుపలక:
వద్దు వద్దు, అదే మెట్టు మీద, ఆయనకి ఎలా వీలైతే అలా నిలబడనివ్వండి. గడియకీ తలకీ మధ్య వచ్చే ఖాళీని అలాగే ఉంచండి. కెమెరా మాత్రం కింద ఒక పీట మీద పెట్టి టైమర్‌తో తీయండి, కూర్చుని చేత్తో పట్టుకుంటే ఒకటి రెండు అంగుళాలు తేడా వస్తుంది. పాతది స్కాన్ చేశాక ఫైల్ వివరాల్లో తేదీ దగ్గర అసలు ఏడాది వేయండి, లేకపోతే ఫోన్ దాన్ని స్కాన్ చేసిన రోజు కింద పెడుతుంది.

మెట్లమీద:
పీట దొరికింది. తీశాక రెండూ పక్కపక్కన పెడతా.