వెలుగుపిడి అనాలా, వెలుగుఁబిడి అనాలా?

పాతబండి: పాత కారుకి లైటు వెలిగే గేర్ నాబ్ బిగించుకోవడం గురించి వ్యాసం రాస్తున్నాను. 'వెలుగుపిడి' అని రాస్తే, చదివిన మిత్రుడొకరు అన్నిచోట్లా 'వెలుగుబిడి' అని దిద్ది పంపారు. సూత్రం ఉందట. "స్త్రీసమంబులకుం బుంపులకుం బరుష సరళంబులు" దగ్గర ఆయన ఆగిపోయారు, నేనూ అక్కడే ఆగిపోయాను. ముందూ వెనకా ఎంతకీ తట్టడం లేదు. ఇంతకీ 'పి'నా, 'బి'నా?

అరసున్న: ముందు "సమాసంబులం దుదంతంబులగు". చివర "నుగాగమంబగు", అంటే మధ్యలో 'న్' వచ్చి చేరుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం. చిగురు + కయిదువు = చిగురుఁగయిదువు గుర్తు తెచ్చుకోండి. 'వెలుగు' ఉదంతమే (ఉకారంతో ముగిసేదే), స్త్రీసమమే. కాబట్టి వెలుగుంబిడి, లేదా వెలుగుఁబిడి. మీ మిత్రుడు అరసున్న ఎగరగొట్టారు, అదొక్కటే లోపం.

మరచెంబు: అరసున్న లేకపోతే జనం 'వెలుగు బీడీ' అని చదువుకుంటారు. వైరు సిగరెట్ లైటర్ నుంచి లాగారా ఏంటి? అలాగైతే సమాసం సార్థకమే.

పాతబండి: లేదండీ. యాష్‌ట్రే దగ్గర చిన్న బల్బు ఉంది, దాని వైరు నుంచి తీసుకున్నాను. పార్కింగ్ లైట్లు వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. మధ్యలో 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టాను. మైనస్ వైరుకి బాడీ మీద రంగు గీకి, శుభ్రమైన ఇనుము తగిలేలా బోల్టు వేశాను.

గసడదవ: అసలు 'వెలుగు' ఇక్కడ నామం అని ఎవరన్నారు? పారు నీరు, వీచు గాలి, వెలుగు పిడి. తద్ధర్మార్థక విశేషణం. దానికి అచ్చు పరమైతేనే నుగాగమం. 'పిడి'లో మొదట ఉన్నది హల్లు. 'పి'కి ఢోకా లేదు.

అరసున్న: పార్కింగ్ లైటు వేస్తేనే వెలిగేదానికి తద్ధర్మం ఎక్కడిదండీ? తద్ధర్మమంటే ఎప్పుడూ ఉండే స్వభావం. బ్యాటరీ నుంచి స్విచ్చు లేకుండా నేరుగా లాగి, రాత్రింబవళ్ళు వెలగనిస్తే అప్పుడు మీ మాట ఒప్పుకుంటాను.

గసడదవ: కరచు కుక్క నిద్రపోతున్నప్పుడు కూడా కరచు కుక్కే.

నిఘంటుపురుగు: సూత్రాలు పక్కన పెట్టి వాడుక చూడండి. 'గొడుగుపిడి' అంటాం. 'గొడుగుబిడి' అన్నవాణ్ణి నేను చూడలేదు.

అరసున్న: గొడుగుకి ఉండేది కామ. 'గొడుగుకామ' అంటారు. మీ పేరు పెట్టుకుని ఆ మాట మరిచారా?

నిఘంటుపురుగు: సరే, మరి అది 'గొడుగుఁగామ' ఎందుకు కాలేదు?

మరచెంబు: 😂 ఆ మాటకొస్తే రాడ్డుని కామ అందాం, పైనున్నదాన్ని గుబ్బ అందాం. గుబ్బగొడుగు ఉండనే ఉంది.

అరసున్న: గుబ్బ అన్నా తప్పించుకోలేరు, సూత్రంలో సరళాలు కూడా ఉన్నాయి. పైగా ప్రబంధాలు చదివినవాళ్ళు ఆ వ్యాసాన్ని వేరే ఉద్దేశంతో తెరుస్తారు.

పాతబండి: 'వెలుగుమీట' అంటే? 'మ' పరుషమూ కాదు, సరళమూ కాదు.

నిఘంటుపురుగు: మీట అంటే నొక్కేదో మీటేదో. మీరు పట్టుకుని తోస్తున్నారు. పట్టుకునేది పిడే.

మరచెంబు: అన్నట్టు మర కుదిరిందా? 10 మిల్లీమీటర్ల రాడ్డుల్లోనే 1.25 పిచ్ ఒకటి, 1.5 పిచ్ ఒకటి ఉంటాయి. రెండు చుట్లు తిరిగి పట్టేస్తే బలవంతం చేయకండి, త్రెడ్డు పోతుంది. ఇంకోటి, వైరు కలిపేశాక నాబ్ తిప్పితే వైరు మెలిపడి లోపల తెగుతుంది. ముందు బిగించి, ఆఖర్న కలపాలి. తోలు తొడుగు కింద కాస్త వదులు ఉంచి, ఒక్కో గేరూ వేసి, రివర్స్ కూడా వేసి చూడండి. ఎక్కడా లాగకూడదు.

పాతబండి: మర కుదిరింది. కానీ గట్టిగా బిగిసేసరికి పైన చెక్కిన గేర్ల బొమ్మ పక్కకి తిరిగిపోయింది. ఒకటో గేరు ఉండాల్సిన చోట రివర్స్ కనిపిస్తోంది.

మరచెంబు: "ఠావుల్ దప్పెను"! కింద లాక్‌నట్టు వేసి, బొమ్మ నిటారుగా వచ్చినచోట నాబ్‌ని ఆపి, నట్టుని పైకి బిగించండి. అరసున్న గారూ, చూశారా, పోతన దగ్గర కూడా పరుషం మారింది. తప్పెను, దప్పెను.

గసడదవ: అది ప్రథమా విభక్తి మీది పరుషం, దాని సూత్రం వేరు. ఆ దారిన వెళ్తే 'ప' కాస్తా 'వ' అవుతుంది. 'వెలుగువిడి' అని రాసుకోవాలి.

నిఘంటుపురుగు: పోతన వచ్చాడు కాబట్టి అడుగుతున్నా. 'తావు' అనే చక్కటి మాట ఉండగా 'ఠావు' ఎందుకు వాడినట్టు? 'స్థానం' నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన మాట అది, గజేంద్రుడి బరువుకి తగ్గట్టు ఒత్తు కావాలని వేశాడని నా సిద్ధాంతం.

అరసున్న: బరువు కాదు, యతి. శార్దూలానికి 13వ అక్షరం. "ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చెఁ, దనువున్ డస్సెన్". వేళ్ళ మీద లెక్కపెట్టండి, 'డస్సెన్'లో 'డ' దగ్గర ఆగుతారు. 'తావుల్' పెడితే యతిభంగం.

పాతబండి: బాగుందండీ. కానీ నా పిడి సంగతి?

గసడదవ: ఒక్క నిమిషం ఆగండి. యతి కోసం 'ఠావు' వేశాడని ఎలా చెప్తారు? 'ఠావు' ముందే తట్టి, దాని కోసం 'డస్సెన్' వెతుక్కుని ఉండొచ్చుగా?

అరసున్న: పోతన వెతుక్కోవడమా! ఏనుగు అలిసిపోయిందండీ, డస్సక ఏం చేస్తుంది?

నిఘంటుపురుగు: అలిసిందని చెప్పడానికి అదే పాదం చివర "శ్రమంబయ్యెడిన్" కూడా ఉంది కదా. నేను గసడదవ గారి పక్షం.