నిండు ఐబీసీలను మూడు ఎత్తు పేర్చవచ్చా?

నేలచోటు:
వెయ్యి లీటర్ల ఐబీసీలు (ద్రవ రసాయనాలు నింపే పెద్ద తొట్లు): లోపల ప్లాస్టిక్ ట్యాంకు, చుట్టూ ఇనుప కేజ్, కింద చెక్క ప్యాలెట్. సరుకు 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్, 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్, 50 శాతం కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం), సోడియం హైపో (బ్లీచింగ్ ద్రవం). కేజ్ ఇనుముదే కాబట్టి మూడు ఎత్తు నిలుస్తుందని కొందరు, రెండు దాటకూడదని కొందరు. ఏది సరి?

కిలోలెక్క:
ఎన్ని ఎత్తు అన్నది తర్వాత. అడుగుదాని నెత్తిన ఎన్ని కిలోలు పడుతున్నాయో ముందు చూడండి. యూఎన్ ముద్ర (ప్రమాదకర సరుకుకు ఐక్యరాజ్యసమితి ప్రమాణాల ప్రకారం పరీక్షించిన గుర్తు) ఉన్న ఐబీసీల మీద పేర్చే బొమ్మ, దానితో కిలోల అంకె ఉంటాయి. 2011 నుంచి తయారైనవాటికి ఇది తప్పనిసరి. బొమ్మ కొట్టేసి ఉంటే పైన ఏదీ పెట్టకూడదు.

ఆ అంకె 1800 అనుకుందాం. ఖాళీ ఐబీసీ సుమారు 60 కిలోలు. హైడ్రోక్లోరిక్ లీటరు 1.16 కిలోలు, అంటే నిండుది 1220. పైన ఒకటి సరే, రెండైతే 2440, హద్దు దాటింది. కాస్టిక్ లై లీటరు 1.52, నిండుది 1580, పైన ఒక్కటే. సల్ఫ్యూరిక్ 1.84, నిండుది 1900. దాన్ని ఒక్కటి కూడా పైకెక్కించకూడదు.

ఉక్కుకేజ్:
కిలోలెక్క గారూ, పేర్చే పరీక్షలో 1.8 రెట్లు బరువు పెడతారు కదా. 1800 రాసి ఉన్నది 3240 మోసి చూపించినట్టే. లారీ కుదుపులు లేని గోదాములో 2440 ఎందుకు మోయదు?

కిలోలెక్క:
ఆ పరీక్ష కొత్త ఐబీసీకి, చదునైన నేల మీద, బరువు సమంగా పరిచి చేసేది. ఇనుప కేజ్ ఉన్నవాటికి 24 గంటలే. మీ దొంతర నెలల తరబడి ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కు తగిలి ఒక నిలువు గొట్టం సొట్టపడినా, ప్యాలెట్ చెక్క తడిసి మెత్తబడినా, గచ్చు ఒక పక్కకు వాలినా బరువు ఒక మూలకే చేరుతుంది. పరీక్షలో పెట్టే ఆ అదనపు 0.8 రెట్లు ఇలాంటివాటి కోసం ఉంచిన మిగులు, మనం వాడుకోవడానికి కాదు. కదలని నిల్వకు ఇంకా ఎక్కువ అంకెను తయారీదారు రాతపూర్వకంగా ఇస్తే మాత్రం మీ మాట ఒప్పుకుంటాను.

వాల్వుపక్క:
బరువు లెక్క సరిపోయినా దొంతరలు కూలుతాయి. పై ప్యాలెట్ కాళ్లు కింది కేజ్ అంచులో నాలుగు మూలలా సరిగ్గా కూర్చోవాలి. ఒక్క కాలు లోపలికి జారినా అది ట్యాంకు మూత మీద పడుతుంది. దించేటప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ మాస్టు (ఫోర్కులు పైకీ కిందికీ జరిగే నిలువు స్తంభం) నిటారుగా ఉండాలి. వాల్వులన్నీ దారివైపుకే ఉంచండి, లేకపోతే కారేది ఎవరికీ కనబడదు.

దొంతరలో ఉండగా కిందిదాని నుంచి తోడకండి. పై మూత వదులు చేయడానికి చెయ్యి పట్టదు, గాలి చొరబడక ట్యాంకు లోపలికి పీల్చుకుపోతుంది. హైపోకు గాలి వదిలే మూత కావాలి, అది మూసుకుపోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, యాసిడ్లు, హైపో ఒకే దొంతరలోనే కాదు, ఒకే బండులో (కారినది బయటికి పోకుండా ఆపే గట్టు) కూడా ఉండకూడదు. కలిస్తే క్లోరిన్ పుడుతుంది.

నేలచోటు:
అయితే సల్ఫ్యూరిక్ అంతా నేల మీదే పరచాలా?

కిలోలెక్క:
అక్కర్లేదు, రాక్ వేయండి. ప్రతి అంతస్తు బరువునూ బీములే మోస్తాయి, ఐబీసీ మీద ఐబీసీ ఉండదు. ఒక అంతస్తులో రెండు సల్ఫ్యూరిక్ ఐబీసీలంటే 3800 కిలోలు, రాక్ బోర్డు మీది అంకె అంతకన్నా ఎక్కువ ఉండాలి.

ఉక్కుకేజ్:
రాక్‌కు ఒప్పుకుంటాను. కానీ పైది కారితే కిందివన్నీ తడుస్తాయి.

వాల్వుపక్క:
అందుకే సల్ఫ్యూరిక్ రాక్‌లో సల్ఫ్యూరిక్ ఒక్కటే ఉంచాలి. కింద బండు అన్నిటికన్నా పెద్ద ఐబీసీకి 110 శాతం లేదా మొత్తం నిల్వలో 25 శాతం, ఏది ఎక్కువైతే అంత పట్టాలి. పన్నెండు ఐబీసీలుంటే 1100 లీటర్లు చాలవు, 3000 కావాలి.