మా గుంటకి అందరికీ ఉన్న పేరా, మామ్మ మొక్కుకున్న పేరా?

పర్లాకిమిడి నాన్న:

మా గుంటకి, అదే మా పాపకి, పది నెలలు నిండాయి. పుట్టిన వారానికే రిజిస్టరు చేయించాం గానీ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగానే ఉంది. రిజిస్టరైన 12 నెలల లోపైతే పేరు ఉచితంగా రాస్తారు. తర్వాత 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుం కట్టి రాయించుకోవచ్చు. మాకింకా రెండు నెలలే ఉన్నాయి, ఇంట్లో మాట తెగడం లేదు. మా అమ్మ పాతపట్నం నీలమణి దుర్గమ్మకి మొక్కుకుంది కాబట్టి నీలమణి అంటోంది. మా ఆవిడ అనన్య అంటోంది. నేను మా ఆవిడ పక్షం.

నా పేరు తవిటిరాజు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. నేను పుట్టగానే చాటలో తవుడు పోసి, దాని మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేతిలో పెట్టేశారు. మా అమ్మ ఆవిడకి చాటెడు తవుడిచ్చి నన్ను తిరిగి కొనుక్కుంది. అంత చవకగా కొన్న బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. మా ఊరు ఆంధ్రా వైపు. అక్కడ ఈ పేరు వింత కాదు. బళ్ళో తవిటినాయుడు, తవిటయ్య, నేను ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం.

మూడో తరగతిలో ఉండగా నాన్నకి పర్లాకిమిడిలో పని దొరికింది. మహేంద్రతనయ నది దాటి ఒడిశాలోకి వచ్చాం, అంతే. ఒడియా మీడియం బడి. హాజరు పిలిచేటప్పుడు ‘తొబిటిరాజు’ అన్నారు. అంటే ఏమిటని పిల్లలు అడిగారు, చెప్పాను. ఒడియాలో తవుడుని కుండా అంటారు. ఆ రోజు నుంచి పదో తరగతి దాకా నేను కుండానే. నాకిప్పుడు 41, బజార్లో ఎదురైతే ఇప్పటికీ అలాగే పిలిచేవాళ్ళున్నారు.

నా కూతురు తన పేరుకి సంజాయిషీ చెప్పుకుంటూ పెరగకూడదు. అనన్య అంటే ఇక్కడి ఒడియా పంతులికీ తెలుసు, టెక్కలిలో తెలుగు పంతులికీ తెలుసు. నేను తప్పు ఆలోచిస్తున్నానా?

గుణుపురం నీలమణి:

తమ్ముడూ, ఆ పేరు పెట్టుకుని బతుకుతున్నదాన్ని, నా మాట విను.

మన ఇళ్ళల్లో నీలమణి ఆడపిల్ల పేరు. ఒడియా వాళ్ళకి అది మగవాళ్ళ పేరు. నేను 1978లో పుట్టేసరికి ఒడిశా ముఖ్యమంత్రి నీలమణి రౌత్రాయ్. అంచేత ఏ ఆఫీసులో కాగితం కనిపించినా నన్ను మగవాడిననుకునేవారు. ఇంటర్‌లో చేరినప్పుడు మగపిల్లల హాస్టల్లో గది రాసేశారు. మా నాన్న ట్రంకుపెట్టె మోసుకుని నన్ను అక్కడ దింపితే వార్డెను వెనక్కి పంపేశాడు. ఆ రాత్రి దూరపు చుట్టాలింట్లో పడుకున్నాం. పరీక్ష జాబితాలో కూడా ‘పురుష’ అనే పడింది. అది దిద్దించడానికి నాన్న మూడుసార్లు తిరిగాడు, మూడు రోజుల కూలి పోయింది.

అయినా పేరు మార్చుకోలేదు. పెళ్ళిలో అత్తవారు మారుద్దామంటే ఒప్పుకోలేదు. మా మామ్మ పొలం నుంచి వస్తూ వీధి మొదట్లోంచే ‘నీలమణమ్మా’ అని కేకేసేది. ఆ కేక నాకు ఇంక ఎక్కడా దొరకదు, నా పేరులోనే ఉంది. నీకు జరిగిన అన్యాయం నాకు అర్థమవుతోంది. కానీ నవ్వినవాళ్ళని వదిలేసి మీ అమ్మ మొక్కుని శిక్షిస్తున్నావు.

పర్లాకిమిడి నాన్న:

శిక్షించడం లేదక్కా. మూడు రోజుల కూలి పోయిందని మీరే చెప్పారు. తెలిసి తెలిసి అది నా కూతురి నెత్తిన ఎందుకు పెట్టాలి?

బరంపురం లక్ష్మి:

ఇటు పక్క మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. అందరికీ ఉన్న పేరైతే బిడ్డ హాయిగా పెరుగుతుందనుకుంటున్నారు. మా తరగతిలో ఐదుగురు లక్ష్ములం. పంతులమ్మ ఎలా పిలవాలి? ఒకర్తి కళ్ళజోడు లక్ష్మి, ఒకర్తి స్టేషను లక్ష్మి, ఒకర్తి జడ లక్ష్మి. నేను నల్ల లక్ష్మిని. ఎనిమిదేళ్ళ పిల్లని రోజూ నిండు తరగతిలో అలా పిలిస్తే అదే నా పేరని నేనూ పలికేదాన్ని. తవిటిరాజు గారూ, మీ పేరుకి అర్థం అడిగి మారుపేరు పెట్టారు. నా పేరుకి అందరికీ అర్థం తెలిసి కూడా మారుపేరు పెట్టారు.

పెద్దయ్యాక సంగతి ఇంకోటి. రెండేళ్ళ కిందట ఇక్కడి ఒక ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకుంటే ఇంకో లక్ష్మి రిపోర్టు నా చేతికిచ్చారు. వయసు కూడా దగ్గరదగ్గర. వారం రోజులు సుగరు మాత్రలు మింగి కళ్ళు తిరిగి పడిపోయాను. ఆ రెండో లక్ష్మి మందే లేకుండా ఉండిపోయింది. ఆవిడ ఎలా ఉందో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికే ముగ్గురు అనన్యలున్నారు. నాలుగో అనన్యని ఏమని పిలుస్తారో ఆలోచించండి.

రాయగడ మాస్టారు:

ముప్పై ఏళ్ళు ఒడియా బళ్ళలో పాఠం చెప్పి హాజరు పిలిచినవాడిని. తవిటిరాజు బాబూ, నీ పేరు పాడు చేసినవాళ్ళలో నాలాంటి పంతుళ్ళు కూడా ఉన్నారు, ముందు అది ఒప్పుకుంటాను. ఒడియాలో అకారం ఒకారంగా పలుకుతుంది, వకారం బకారమైపోతుంది. రమణ అక్కడ రొమొణొ, వసంత బొసొంతొ. ఎ, ఏ అని వేరువేరు అక్షరాలు కూడా లేవు. పంతులు కావాలని చెయ్యకపోయినా పిల్లాడికి తన పేరు పరాయివాళ్ళ పేరులా వినిపిస్తుంది. నేను సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచి ఎలా పలకాలో అడిగి రాసుకోవడం మొదలుపెట్టేసరికి ఉద్యోగంలో పదేళ్ళు గడిచిపోయాయి.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. తవుడుకి కొనే నమ్మకం తెలుగువాళ్ళదే అనుకుని మీ బళ్ళో నవ్వారు. ఆధునిక ఒడియా వచనానికి పెద్దదిక్కు ఫకీర్ మోహన్ సేనాపతికి పుట్టినప్పుడు పెట్టిన పేరు బ్రజమోహన్. చిన్నతనంలో జబ్బు చేసి చావుబతుకుల్లో ఉంటే, బతికితే ఫకీరుని చేస్తానని వాళ్ళ మామ్మ పీర్లకి మొక్కుకుంది. బతికాడు, ఫకీర్ మోహన్ అయ్యాడు. బాలేశ్వర్‌లో ఆ మామ్మ చేసిందీ మీ అమ్మ చాటతో చేసిందీ ఒకే పని. ఆ పేరుని ఒడియా పిల్లలు గౌరవంగా చదువుకుంటారు. నీ పేరుని గురించి ఈ మాట ఆ రోజు నీ తరగతిలో ఒక్కరు చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకోటి. గంజాంలో ఒడియా ఇళ్ళల్లో ఎక్కడ చూసినా సీమాంచల్ అన్న పేరు. అది మన సింహాచలమే. అప్పన్న కొండకి వాళ్ళూ తరతరాలుగా వస్తున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటూ పాతపట్నం అటూ అయ్యాయి గానీ దేవుళ్ళ పేర్లు ఆ గీత ప్రకారం సర్దుకోలేదు. గట్టు మారితే వాడుక పేరు అపురూపమవుతుంది, అపురూపం వాడుకవుతుంది.

నీలమణి ఒడియాలో రాస్తే లకారం ళకారం అవుతుంది, అంతకు మించి చెడదు. చిక్కల్లా ఆడా మగా అన్నదే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడికీ, లైసెన్సుకీ, ఓటుకీ, పాస్‌పోర్టుకీ జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి ఇప్పుడే జాగ్రత్తపడాలి. నీలమణి దేవి అని రాయించు, సరిపోతుంది.

గుణుపురం నీలమణి:

మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ నా పేరుకి చేతికర్ర ఎందుకండీ? ఆడపిల్ల అని చెప్పడానికి పక్కన వేరే గడి ఉంది కదా, దాన్ని చదవడం గుమాస్తా పని.

రాయగడ మాస్టారు:

గుమాస్తా చదవడమ్మా. చదివి ఉంటే మీ నాన్న మూడుసార్లు తిరగడు. రుసరుసలాడినా నేను బిడ్డ పక్షమే మాట్లాడతాను.

సిరొంచ నుంచి:

మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా, నది దాటితే కాళేశ్వరం. మా దిక్కు బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరుసగ రాస్తరు. 2024 మే 1 నుంచి పుట్టినోళ్ళకు తండ్రి పేరుకన్న ముందు తల్లి పేరు గూడ రాయాలె. మా చెల్లె పేరు పోచమ్మ. నాగపూర్ల కొలువు చేసేటప్పుడు పూజ అని చెప్పుకునేది, మేం గూడ ఫోన్ల పూజ అనే పిలవాలె. మొన్న కొడుకు పుట్టిండు. సర్టిఫికెట్ల వాడి పేరు పక్కన పోచమ్మ అని రాయించింది. ఎందుకని నేనడగలె. అందరికి మిఠాయి పంచుకుంట ఆ కాగితం చూపించింది.

పర్లాకిమిడి నాన్న:

నిన్న రాత్రి ఇదంతా మా అమ్మకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. కుండా అన్న మాట దగ్గర ఆపమంది. నన్ను బళ్ళో అలా పిలిచేవారని ఆవిడకి తెలీదు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చెప్పలేదు, చెబితే బాధపడుతుందని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “నాకేటి తెలుసురా, నువ్వు బతికితే సాలనుకున్నాను. నీ గుంటకి నీకు నచ్చిన పేరెట్టుకో” అని లేచి లోపలికెళ్ళిపోయింది.

నేను అడిగిందే దొరికింది, కానీ పొద్దున్నుంచీ ఆ ఫారం ముట్టుకోలేకపోతున్నాను. ఫకీర్ మోహన్ సంగతి చెప్పినందుకు మాస్టారికి దండాలు. రేపు అమ్మకి అది మళ్ళీ చదివి వినిపిస్తాను, నిన్న అక్కడి దాకా వెళ్ళలేదు.

నీలమణక్కా, మీ కాగితాల్లో ‘పురుష’ని దిద్దించడానికి ఏమేం పెట్టారో, ఒడియాలో పేరు ఏ అక్షరాలతో రాయించారో కాస్త చెబుతారా? మా ఆవిడ అడుగుతోంది.