అమ్మకి ఆర్ట్ థెరపీ చేయించొచ్చా?

నాన్న పోయాక అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదండి, కౌన్సెలింగ్ అంటే "నాకేమన్నా పిచ్చా" అంటోంది, బొమ్మలేయించే థెరపీ ఉందట కదా, పెద్దవాళ్లకి పనికొస్తుందా? హైదరాబాద్‌లో ఉంటాం.

జవాబు: బొమ్మ బాగా రావాలనేం లేదండి, చేతులు పనిలో ఉంటే మాట మెల్లగా బయటికొస్తుంది. మా అత్తయ్య పేపర్, రంగులు ముట్టుకోలేదు, ముగ్గుపిండి ఇస్తే మాత్రం చుక్కలు పెట్టడం మొదలెట్టింది. కాకపోతే భర్త పోయినవాళ్లు ముగ్గేయకూడదనే ఇళ్లు ఇంకా ఉన్నాయి (చాలా బాధనిపిస్తుంది), అందుకే ముందు మీ అమ్మగారినే అడగాలి.

జవాబు: రంగు చూసి అర్థం చెప్పేసే థెరపిస్ట్ వద్దు. తెల్లచీర మన పెద్దవాళ్లకి ఒకటి గుర్తు చేస్తుంది, అమెరికాలో పెళ్లికూతురు కట్టేది తెలుపే. మంచివాళ్లు "ఇదేంటమ్మా" అని ఆవిడతోనే చెప్పించుకుంటారు.

జవాబు: థెరపిస్ట్ క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ చూడండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.