కడుపుతో ఉన్నప్పుడు ఫిట్స్ మాత్ర ఆపాలా, వేసుకోవాలా?

పెద్దకోడలు:
మా తోడికోడలికి ఏడో వారం. పదో తరగతి నుంచి ఫిట్స్ ఉన్నాయట. పెళ్లిచూపులప్పుడు వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. ఏడాదిన్నరగా మాత్రలు విటమిన్ డబ్బాలో పోసుకుని వేసుకుంటోంది. మొన్న డబ్బా చేయి జారి పడితే సంగతి బయటపడింది. సోడియం వాల్ప్రోయేట్ 500, రోజుకి రెండు. నిన్న రాత్రి నుంచి అత్తయ్య అవి తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది, బిడ్డకి అవకరం వస్తుందని. నాకేమో ఆపితే భయం, వేస్తే భయం.

లంక పల్లె:
అత్తగారు చేసిందే కరెక్టండీ. కడుపుతో ఉంటే తలనొప్పి మాత్రకే ఆలోచించాలంటారు, ఇది ఏకంగా మెదడు మీద పనిచేసే మందు. కొన్ని నెలలు ఓర్చుకుంటే అయిపోతుంది కదా.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఓర్చుకుంటే ఆగేవి కావు తమ్ముడూ ఫిట్స్. రోజూ వేసుకునే మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్ మీద ఫిట్ వచ్చి తల్లికి ఊపిరి అందకపోవచ్చు. ఆమెకి అందకపోతే లోపల బిడ్డకీ అందదు. పెద్దకోడలు గారూ, ముందు ఆ తాళం తీయించండి. ఈ రోజే న్యూరాలజీ డాక్టర్‌తో, కాన్పు డాక్టర్‌తో మాట్లాడండి. చర్చ తర్వాత చేసుకుందాం.

ఇద్దరి నాన్న:
సిస్టర్ గారూ, ఒక్కసారిగా ఆపకూడదన్నది నిజమే. కానీ అన్ని ఫిట్స్ మందులూ ఒకటి కాదు. మా పెద్దాడి కడుపులో మా ఆవిడ ఇదే వాల్ప్రోయేట్ వేసుకుంది. ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. వాడికి నాలుగేళ్లకి మాటలొచ్చాయి. ఇప్పుడు ఎనిమిదేళ్లు, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ మందు వాడిన తల్లుల పిల్లల్లో నూటికి దాదాపు పదిమందికి పుట్టుకతో పెద్ద లోపాలు ఉంటాయి, మామూలుగా అయితే ఇద్దరు ముగ్గురికే. ఎదుగుదల సమస్యలు నూటికి 30, 40 మందిలో. అమెరికా, బ్రిటన్లలో పిల్లల్ని ఆరేళ్ల వయసు దాకా గమనించిన అధ్యయనంలో, మిగతా ఫిట్స్ మందుల పిల్లలతో పోలిస్తే వీళ్ల ఐక్యూ, అంటే తెలివితేటల కొలత, సగటున ఎనిమిది నుంచి పదకొండు పాయింట్లు తక్కువ వచ్చింది. అందుకే బ్రిటన్లో 2018 నుంచి, గర్భం రాకుండా జాగ్రత్తలు తీసుకునే కార్యక్రమంలో ఉంటే తప్ప పిల్లలు కనే వయసు ఆడవాళ్లకి ఇది ఇవ్వకూడదని రూలు పెట్టారు. మన దగ్గర అలా చెప్పేవాళ్లేరి?

మెడికల్ షాపు అన్న:
హెచ్చరిక అట్ట మీద రాస్తే చదివేదెవరు బ్రదర్? పది మాత్రల స్ట్రిప్ ఇస్తే "నాలుగు చాలు" అంటారు. కత్తెరతో కోసి ఇస్తాం. పేరు సగం ఇటు, ఎక్స్‌పైరీ అటు. అట్టపెట్టె, లోపలి కాగితం నా కౌంటర్ కిందే ఉండిపోతాయి. ఐదేళ్ల నాటి చీటీ పట్టుకుని నెలనెలా వచ్చేవాళ్లున్నారు. పెళ్లయిందా, కడుపా అని మేమూ అడగం. అడిగితే ఏమనుకుంటారో అని.

లంక పల్లె:
అంటే మందు చెడ్డదనేగా. నేనన్నదీ అదే.

నైట్ డ్యూటీ సిస్టర్:
కాదు తమ్ముడూ. ఈ మందు మార్చాలి అనడం వేరు, మందే వద్దనడం వేరు. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ అనే వేరే ఫిట్స్ మందులు వాడే తల్లుల పిల్లల్లో లోపాలు దాదాపు మామూలు స్థాయిలోనే ఉంటాయి. కానీ లామోట్రిజిన్ రాత్రికి రాత్రి మార్చేది కాదు, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. తొందరపడితే ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు. పైగా నెలలు నిండేకొద్దీ రక్తంలో దాని మోతాదు పడిపోతుంది, మళ్లీ పెంచాలి. అందుకే ఇంట్లో కూర్చుని తేల్చే పని కాదంటున్నా. తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థలో 1998 నుంచి ఇలాంటి తల్లుల వివరాలు రాసిపెడుతున్నారు. వీళ్లలో ఎక్కువమందికి పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు.

నేను పిల్లల వార్డులో రోజూ చూసేది ఇంకోటి. తల్లి ఫినోబార్బిటోన్ అనే పాత ఫిట్స్ మందు వేసుకుంటే బిడ్డ మొదట్లో మత్తుగా ఉంటుంది. రెండు గుటకలు తాగి నిద్ర. అరికాలు రుద్ది లేపుతాం, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పడతాం. తర్వాత చేతులు వణకడం మొదలు. నాయనమ్మలు అది చూసి "తల్లి రోగం బిడ్డకొచ్చింది" అని ఏడుపు లంకించుకుంటారు. వణికే చేతిని మెల్లగా మడిచి పట్టుకుని చూస్తాం. ఆగితే వణుకే, పట్టుకున్నా ఆగకపోతే ఫిట్ అని అనుమానించాలి. ఎలాగైనా షుగరు, కాల్షియం పరీక్షిస్తారు. మందు ఒంట్లోంచి పోయేకొద్దీ వణుకూ తగ్గుతుంది. ఈ మందులు వాడినవాళ్ల పిల్లలకి పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ అస్సలు మరిచిపోకూడదు, లోపల రక్తస్రావం కాకుండా.

ఇద్దరి నాన్న:
బాగుంది. కానీ ఏడో వారంలో మార్చి లాభమేంటి? బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. అప్పటికి చాలామందికి కడుపని కూడా తెలియదు. ఫోలిక్ యాసిడ్ కూడా ముందు నుంచే వేసుకోవాలి. పెళ్లికి ముందే చెప్పి ఉంటే ఏడాది కిందటే మార్చేవాళ్లు. దాచినవాళ్లది తప్పు.

పెద్దకోడలు:
ఆ మాట అనకండన్నా. చెబితే సంబంధం వచ్చేదా? మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదనే మాట 1999లోనే హిందూ వివాహ చట్టంలోంచి తీసేశారు. మా అత్తయ్య నోట్లోంచి ఎవరు తీస్తారు?

ఇద్దరి నాన్న:
సారీ చెల్లెమ్మా. మా ఆవిడ కూడా దాచిందే. నాకు కోపం ఇంకా పోలేదు, అంతే.

నైట్ డ్యూటీ సిస్టర్:
28 రోజుల మాట నిజం. కానీ మెదడు తొమ్మిది నెలలూ ఎదుగుతూనే ఉంటుంది అన్నగారూ, ఏడో వారం ఆలస్యమేమీ కాదు. ఐదో నెల స్కాన్‌లో వెన్నెముక, గుండె చూస్తారు. చదువు, మాట స్కాన్‌లో కనపడవు, ఆ మాట దాచను.

పెద్దకోడలు:
డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడాం. ఆపొద్దన్నారు, రేపు పొద్దున్నే పాత చీటీలన్నీ తెమ్మన్నారు. అత్తయ్య తాళం తీసింది. తీస్తూ "ఏమన్నా అయితే నువ్వే బాధ్యత" అంది నాతో. డబ్బా మీద విటమిన్ లేబుల్ ఇంకా అలాగే ఉంది.