‘ఒకరు’, ‘ఒక్కరే’, ‘ఒకరైనా’: తర్కపు చిక్కు ప్రశ్నలలో చిన్న మాటల పని

ఈ బృందంలో ఒక సభ్యులు అడిగిన ప్రశ్న ఇది: “‘ఇద్దరు పిల్లలలో ఒకరు అబ్బాయి’ అని చెప్పినప్పుడు రెండవ బిడ్డ అమ్మాయి అని తేలిపోయినట్టేనా, లేక ఆ వాక్యం రెండవ బిడ్డ సంగతి ఏమీ చెప్పకుండా వదిలినట్టా?” ప్రశ్న చిన్నదే గాని, తర్కపు చిక్కు ప్రశ్నలను తెలుగులో రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నన్ను ఆపి కూర్చోబెట్టిన మాట ఈ ‘ఒకరు’ కాబట్టి, కొంచెం విస్తరంగానే సమాధానం రాస్తున్నాను.

ముందుగా మాట సంగతి. ‘ఒకరు వచ్చారు’ అంటే ఒక మనిషి రావడం జరిగింది అని మాత్రమే అర్థం. రెండవవారు రాలేదన్న భావం వినేవారి మనసులో కలుగుతుంది, ఎందుకంటే ఇద్దరూ వచ్చి ఉంటే చెప్పేవారు ‘ఇద్దరూ వచ్చారు’ అనే ఉండేవారని మనం అనుకుంటాము. ఆ భావం సంభాషణ మర్యాదనుంచి పుట్టిందే తప్ప పదం అర్థంలో లేదు. దీనిని పరీక్షించడానికి ఒక తేలిక మార్గం ఉంది. ‘ఒకరు వచ్చారు, ఆ మాటకొస్తే ఇద్దరూ వచ్చారు’ అని వాక్యాన్ని పొడిగించి చూడండి. మాట సవరించుకున్నట్టు ఉంటుందే గాని తప్పు దొర్లినట్టు ఉండదు. ‘ఒక్కరే వచ్చారు, ఆ మాటకొస్తే ఇద్దరూ వచ్చారు’ అంటే మాత్రం వాక్యం తనను తానే కొట్టేసుకుంటుంది. ద్విత్వ కకారంతోనే ‘ఒక్కరు’ సగం తలుపు మూస్తుంది, చివరి ఏకారం గడియ వేస్తుంది. ‘ఒకరు’ తలుపు తెరిచే ఉంటుంది.

ఇప్పుడు పిల్లల లెక్కకు వద్దాము: ఇద్దరూ అబ్బాయిలే అయ్యే సంభావ్యత, అంటే అవకాశం, ఎంత? అబ్బాయి పుట్టే అవకాశమూ అమ్మాయి పుట్టే అవకాశమూ సమానమనుకుంటే, ఇద్దరు పిల్లలున్న కుటుంబాలు పుట్టిన వరుసను బట్టి నాలుగు రకాలు: అబ్బాయి–అబ్బాయి, అబ్బాయి–అమ్మాయి, అమ్మాయి–అబ్బాయి, అమ్మాయి–అమ్మాయి. ‘కనీసం ఒకరు అబ్బాయి’ అంటే నాలుగవ రకం పోతుంది, మూడు మిగులుతాయి, అందులో ఇద్దరూ అబ్బాయిలే అయినది ఒక్కటి. కాబట్టి ఇద్దరూ అబ్బాయిలే అయ్యే సంభావ్యత 1/3. ‘మొదటి బిడ్డ అబ్బాయి’ అంటే మొదటి రెండు రకాలే మిగులుతాయి, సంభావ్యత 1/2. ‘ఒక్కరే అబ్బాయి’ అంటే సున్న, ప్రశ్నే మిగలదు. వాక్యంలో తక్కినదంతా అలాగే ఉండగా ఒక్క మాట మారితే మూడు వేర్వేరు జవాబులు వస్తున్నాయి.

ఇందులో ఇంకొక మెలిక ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు. ఇద్దరిలో ఎవరో ఒక బిడ్డ అనుకోకుండా మనకు ఎదురై, ఆ బిడ్డ అబ్బాయి అని తెలిస్తే జవాబు 1/3 కాదు. నాలుగు రకాల కుటుంబాలలో ఎనిమిది మంది పిల్లలున్నారు. అందులో అబ్బాయిలు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు అబ్బాయి–అబ్బాయి కుటుంబంలోని వారు. కాబట్టి జవాబు 1/2. గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 1959లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో తన శీర్షికలో ఈ ప్రశ్న ఇచ్చి, మొదట 1/3 అని జవాబు చెప్పి, ఆ సమాచారం ఎలా తెలిసిందో చెప్పనందువల్ల ప్రశ్న అస్పష్టంగా ఉందని తరువాత ఒప్పుకున్నారు. అంతటి రచయిత తన ప్రశ్నను తానే సవరించుకున్నారంటే, తెలుగు చేసేటప్పుడు మనం ‘ఒకరు’ అని రాసి ఊరుకోవడానికి వీలు లేదు. ‘పిల్లలలో అబ్బాయి ఉన్నారా అని అడిగితే ఉన్నారని తల్లి చెప్పింది’ అని రాస్తే 1/3 కు దారి స్పష్టమవుతుంది.

ఈ తేడా అన్నిటికంటే బాగా కనిపించేది సత్యవాదులు, అసత్యవాదులు ఉండే దీవి ప్రశ్నలలో. అక్కడ ప్రతి మనిషీ ఎప్పుడూ నిజమే చెబుతారు, లేదా ఎప్పుడూ అబద్ధమే చెబుతారు. తర్కశాస్త్రవేత్త రేమండ్ స్మల్యన్ 1978లో వచ్చిన తన పుస్తకంతో వీటిని లోకమంతా వ్యాపింపజేశారు. దీవిలో ఒక బాటసారికి ఇద్దరు ఎదురైనారు. మొదటివారు “మాలో కనీసం ఒకరు అసత్యవాది” అన్నారు. ఆయన అసత్యవాది అయితే ఆ మాట నిజమైపోతుంది, అసత్యవాది నిజం పలకకూడదు. కాబట్టి ఆయన సత్యవాది, ఆయన మాట నిజం కావాలంటే రెండవవారు అసత్యవాది. ఇద్దరి సంగతీ తేలిపోయింది. ఇప్పుడు అదే మనిషి “మాలో ఒక్కరే అసత్యవాది” అన్నారనుకోండి. ఆయన సత్యవాది అయితే రెండవవారు అసత్యవాది. ఆయన అసత్యవాది అయితే ఆ మాట అబద్ధం, అంటే అసత్యవాదుల సంఖ్య ఒకటి కాదు. ఆయన ఒకరు ఎలాగూ ఉన్నారు కాబట్టి సంఖ్య రెండు కావాలి. అప్పుడూ రెండవవారు అసత్యవాదే. రెండవవారి సంగతి రెండు దారులలోనూ తేలుతుంది, మాట్లాడినవారి సంగతి మాత్రం ఎన్నటికీ తేలదు. ఈ రెండు ప్రశ్నలూ అందమైనవే. కాని “మాలో ఒకరు అసత్యవాది” అని మాత్రమే రాస్తే పాఠకులు వీటిలో ఏది చేయాలో తెలియక, తమ తప్పు లేకుండానే తప్పుతారు.

మరి ‘కనీసం ఒకరు’ అనే మాటకు బదులు అచ్చంగా తెలుగు పలుకుబడిలో ‘ఒకరైనా’ ఉంది కదా అని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. ‘ఒకరైనా రావాలి’, ‘ఒకరైనా ఉండి ఉంటారు’ అన్నచోట అది చక్కగా అమరుతుంది. జరిగిపోయినదానిని చెప్పేచోట మాత్రం ‘ఒకరైనా వచ్చారు’ అంటే, ఇంకా రావలసింది, పోనీ ఈ మాత్రమైనా నయం అన్న ఊరట లోపలికి వచ్చేస్తుంది. తర్కానికి ఆ ఊరటతో పని లేదు. అందువల్ల నేను ‘మాలో ఒకరు గాని ఇద్దరమూ గాని అసత్యవాదులం’ అని రాయడానికి ఇష్టపడతాను. పొడుగే అయినా, వాక్యం దగ్గర ఎవరూ ఆగి సందేహించరు.

పై వాక్యాలలో ‘మాలో’ అన్నదానిని గమనించారా? ఇక్కడ మన భాష చేసే మేలు నాకు ఎంతో ఇష్టం. వినేవారిని కలుపుకొంటే ‘మనం’, విడిచిపెడితే ‘మేము’ అనే భేదం లేని భాషలో ఈ ప్రశ్నను రాసేవారు, ఆ మాటలో బాటసారి లేడని పాఠకులే ఊహించుకుంటారని ఆశపడాలి. తెలుగులో ‘మాలో’ అన్న రెండక్షరాలు ఆ పని చేసేస్తాయి. అయితే ఇదే మనకు ఉచ్చు కూడా అవుతుంది. బాటసారి వైపు తిరిగి “మనలో కనీసం ఒకరు అసత్యవాది” అన్నారని రాస్తే బాటసారి కూడా లెక్కలోకి వస్తాడు. మాట్లాడినవారు సత్యవాది అని మాత్రం తేలుతుంది, అసత్యవాది పక్కనున్నవారో బాటసారో చదివేవారికి తెలియదు. అదే మాట ఆయన తన పక్కవారితో అంటుండగా బాటసారి విన్నాడంటే ‘మనలో’ అన్నదే సరి అవుతుంది. ఎవరు ఎవరితో అంటున్నారో రాయకుండా ఈ సర్వనామాన్ని ఎంచుకోవడం సాధ్యం కాదు.

‘ఒకరు’ అన్న మాటకు ఇంకొక గుణం కూడా ఉంది: అది స్త్రీపురుష భేదాన్ని దాచగలదు. సంఖ్య ఒకటే అయినా రూపంలో బహువచనం, క్రియ కూడా ‘వచ్చారు’ అనే వస్తుంది. ‘ఒకడు’, ‘ఒకతె’ అన్న క్షణంలో రహస్యం బయటపడుతుంది. పిల్లల లెక్కలో ‘పెద్దవాడు అబ్బాయి’ అని రాసిన పుస్తకాలు చూశాను. ‘వాడు’ అనగానే చెప్పవలసింది అయిపోయింది, ‘అబ్బాయి’ అన్న మాటకు పనే లేదు. అంతకంటే ఘోరం, ‘రెండవవాడు కూడా అబ్బాయి అయ్యే సంభావ్యత ఎంత?’ అని అడగడం; ప్రశ్నలోనే జవాబు కూర్చుని ఉంది.

అందరికీ తెలిసిన శస్త్రవైద్యుల ప్రశ్న సంగతి కూడా ఇదే. తండ్రీ కొడుకులు ప్రమాదంలో చిక్కుకుంటారు, తండ్రి అక్కడే మరణిస్తాడు, కొడుకును ఆసుపత్రికి తీసుకువెళతారు, శస్త్రచికిత్స చేయవలసిన డాక్టరు చూసి “ఈ అబ్బాయికి నేను చేయలేను, వీడు నా కొడుకు” అంటారు. ఇదెలా సాధ్యం? డాక్టరు ఆ అబ్బాయి తల్లి. తెలుగులో ఈ ప్రశ్న మొత్తం ‘అంటారు’ అన్న ఒక్క క్రియాంతం మీద నిలబడి ఉంది. ‘అంటాడు’ అంటే ప్రశ్న అబద్ధమవుతుంది, ‘అంటుంది’ అంటే ప్రశ్నే ఉండదు. డాక్టరును మర్యాదతో ‘అంటారు’ అనడం మనకు సహజం కాబట్టి, ఎక్కడా మోసం చేయకుండానే రహస్యం నిలుస్తుంది. నోటితో చెప్పేవారు అలవాటుగా ‘డాక్టర్ అన్నాడు’ అనేసి, తరువాత జవాబు చెప్పినప్పుడు వినేవారు నొచ్చుకోవడం నేను చూశాను, ఆ నొచ్చుకోవడం సబబే.

‘ఒక్కరే’లో గడియ వేసిన ఏకారం ‘ఉంటే’ మీద చేరినప్పుడు ఏం జరుగుతుందో కూడా చెప్పి ముగిస్తాను. పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ప్రవేశపెట్టిన నాలుగు కార్డుల ప్రశ్న ఉంది. ప్రతి కార్డుకూ ఒక వైపు అక్షరం, రెండవ వైపు సంఖ్య. బల్ల మీద కనబడేవి: అ, క, 4, 7. నియమం: ‘ఒక వైపు అచ్చు ఉంటే రెండవ వైపు సరిసంఖ్య ఉంటుంది.’ నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? చాలామంది ‘అ’ను, 4ను తిప్పాలంటారు. సరైన జవాబు ‘అ’, 7. నాలుగు వెనుక ఏది ఉన్నా నియమం చెడదు; ఏడు వెనుక అచ్చు ఉంటే చెడుతుంది. ఇప్పుడు నియమంలో ఒక్క అక్షరం చేర్చండి: ‘ఒక వైపు అచ్చు ఉంటేనే రెండవ వైపు సరిసంఖ్య ఉంటుంది.’ ఇప్పుడు సరిసంఖ్య వెనుక హల్లు ఉండడమే తప్పు. తిప్పవలసినవి ‘క’, 4. మొదట తిప్పవలసినవి రెండూ వదిలివేయవలసినవి అయ్యాయి, వదిలినవి రెండూ తిప్పవలసినవి అయ్యాయి. ఒక్క ‘నే’ జవాబును పూర్తిగా తలకిందులు చేసింది! పైగా వాడుకలో ‘వాన వస్తే రాను’ అంటే వాన రాకపోతే వస్తానని కూడా మనం వింటాము. ఆ అలవాటుతో ‘ఉంటే’ను రెండు వైపులా చదివినవారికి నాలుగు కార్డులూ తిప్పవలసి వస్తుంది, వారి తర్కంలో ఏ లోపమూ ఉండదు.

ఒక సభ్యురాలి స్పందన:

మీ వివరణ బాగుంది గాని రెండు అభ్యంతరాలున్నాయండీ. మొదటిది, మీరు హల్లుకు ఉదాహరణగా ‘క’ అని కార్డు మీద రాశారు. ‘క’లో అకారం ఉంది కదా! శుద్ధమైన హల్లు ‘క్’ మాత్రమే. ‘ఒక వైపు అచ్చు ఉంటే’ అన్న నియమాన్ని వ్యాకరణం తెలిసిన పిల్లలు చదివితే ‘క’ కార్డు వెనుక కూడా సరిసంఖ్య ఉండాలంటారు, కాదనడానికి మన దగ్గర సమాధానం లేదు. రెండవది, పొడుపు కథలో మాట మోసం చేయడమే కదా సరదా. సంస్కృత అలంకారికుడు దండి కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు, అంటే పొడుపు పద్యాలు, చెప్పాడు, వాటిలో చాలావాటికి అర్థాన్ని కప్పిపెట్టడమే ప్రాణం. చిక్కు ప్రశ్నలో మాటలన్నీ విప్పేసి చెబితే చిక్కు ఎక్కడ మిగులుతుందండీ?

నా సమాధానం:

మొదటి అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది, మీకు కృతజ్ఞతలు. లిపిలో అచ్చు, హల్లు విడివిడిగా నిలబడే భాషలో పుట్టిన ప్రశ్నను ఆలోచించకుండా తెచ్చి పెట్టాను. ‘క్’ అని రాసి బయటపడవచ్చు గాని, ఒంటరి పొల్లు కార్డు మీద కృతకంగా ఉంటుంది. అక్షరాలనే తీసివేయడం మేలు.

రెండవదానితో సగమే ఏకీభవిస్తాను. పొడుపు కథ విప్పినప్పుడు మాటకున్న రెండవ అర్థం దొరుకుతుంది, అదే ఆనందం. అక్కడ కప్పిపెట్టడం కళ. తర్కపు ప్రశ్న విప్పినప్పుడు దొరకవలసినది మాటలన్నిటినీ ఒకే అర్థంలో తీసుకున్నా మనకు కనబడని ఒక పర్యవసానం. దీవి మీది మనిషి “మాలో కనీసం ఒకరు అసత్యవాది” అన్నప్పుడు ఏ మాటలోనూ దాపరికం లేదు, అయినా మొదటిసారి చదివినవారికి జవాబు వెంటనే తోచదు. చిక్కు మాటలో కాక పరిస్థితిలో ఉంది. శస్త్రవైద్యుల ప్రశ్న ఈ రెండింటికీ నడుమ ఉంటుందని ఒప్పుకుంటాను. అక్కడ ‘అంటారు’ దాస్తుంది, కాని దాచడంలో అబద్ధమాడదు.

కార్డుల ప్రశ్నను మీ సవరణతో తిరిగి రాశాను. ‘ఉంటే’ను రెండు వైపులా చదివే చిక్కు కూడా పోయేటట్టు ‘ప్రతి’ని తెచ్చాను, చూసి చెప్పండి: “నాలుగు కార్డులున్నాయి. ప్రతిదానికీ ఒక వైపు ఒక రంగు, రెండవ వైపు ఒక సంఖ్య ఉన్నాయి. కనబడుతున్నవి ఎరుపు, నీలం, 4, 7. ‘ఎరుపు రంగున్న ప్రతి కార్డుకూ రెండవ వైపు సరిసంఖ్య ఉంది’ అన్న మాట నిజమో కాదో తేల్చడానికి, తప్పనిసరిగా తిప్పి చూడవలసిన కార్డులు ఏవేవి?” జవాబు: ఎరుపు, 7.