బెర్లిన్ డిఫెన్స్‌లో డ్రా తప్పించుకునే దారేది?

మొన్న చెస్ రేటింగ్ టోర్నీలో తెల్లపావులతో రుయ్ లోపెజ్ అనే ఓపెనింగ్ ఆడాను. అవతలి కుర్రాడు మూడో ఎత్తుకే గుర్రాన్ని ఎఫ్6కి దూకించి బెర్లిన్ డిఫెన్స్‌లోకి (ఆ ఓపెనింగ్‌కి నల్లపావుల జవాబుల్లో ఒకటి) దిగాడు. ఎనిమిదో ఎత్తుకల్లా క్వీన్లు మారిపోయాయి. అతని రాజు డీ8లో, క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం) హక్కు పోయింది, సీ ఫైల్‌లో (నిలువు వరుసలో) జంట బంట్లు. చూడ్డానికి నాదే పైచేయి! కానీ అతని రెండు బిషప్‌లు నన్ను ఎటూ కదలనివ్వలేదు. చివరికి డ్రా. (2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో కాస్పరోవ్‌కే క్రామ్నిక్ మీద ఇది కొరుకుడు పడలేదు, మనమెంత!)

కింగ్‌సైడ్‌లో నాకు మూడింటి మీద నాలుగు బంట్లున్నాయి కదా, హెచ్3, జీ4 తోసి ఎఫ్5కి చేరిన అతని గుర్రాన్ని వెంటనే తరమాలా, ఆగాలా? తొందరపడితే ఈ5 బంటు బలహీనపడుతుందేమోనని టెన్షన్. లేక నాలుగో ఎత్తులోనే డీ3 ఆడి క్వీన్లను నిలుపుకోవడం మేలా? క్లబ్ స్థాయిలో ఆడినవాళ్లు కాస్త చెప్పండి.